మంచానికి ఒకే పేరు

ఆ మంచానికి మనుషులు ఇద్దరు. రాత్రి సగం పిచ్చుకది, పగటి సగం ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేసే నర్సమ్మది. నాలుగు నెలలుగా ఒకే మంచం మీద పడుకుంటున్న ఆ ఇద్దరూ ఇంతవరకూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. యూనివర్సిటీ హాస్టల్లో పిచ్చుకకు చోటు రాకపోవడం, వచ్చిందని తల్లికి చెప్పడం, గేటు పక్క గోడ మీద "రాత్రి మంచం ఉంది, ఆడపిల్లలకు" అన్న చీటీ చూసి ఆ మేడ మూడో అంతస్తు ఎక్కడం మనం చూశాం. ఇప్పుడు యూనివర్సిటీ ఇంటి కాగితం అడిగింది. ఎక్కడ ఉంటున్నదీ ఇంటి యజమాని ముద్ర వేసి ఇవ్వాలి. శుక్రవారం సాయంత్రం నాలుగు లోపల అది ఆఫీసుకు చేరకపోతే రెండో టర్ము జాబితాలోంచి పేరు తీసేసి, సీటు తర్వాతి వాళ్ళకు ఇచ్చేస్తారు. యజమాని మంచానికి ఒకే పేరు రాసుకుంటాడు. ఆ పేరు నర్సమ్మది. కిందటి వారం మనం పిచ్చుకను వదిలేసి వచ్చేసరికి గురువారం పొద్దుగూకుతోంది. "ఈ మంచం ఇకపై ఈ అమ్మాయి పేర రాయండి" అని నర్సమ్మ రాసినట్టే ఒక ఉత్తరం రాసి, కింద నర్సమ్మ సంతకం తానే పెట్టేసింది పిచ్చుక.

ఇక శుక్రవారం పొద్దున.

మేడ కింది వాటాలో యజమానికి తాళాల కొట్టు ఉంది. పై గదులన్నిటినీ చెక్క పలకలతో మూడేసి ముక్కలు చేసి, ముక్కకొక మంచం, మంచానికొక తాళం పెట్టినవాడు కాబట్టి మేడలో అందరూ ఆయన్ని తాళాలాయన అనే అంటారు. చెడ్డవాడు కాదు. పద్ధతి ప్రకారం నడిచే మనిషి. పేరు ఉన్నవాళ్ళు తమ మంచాన్ని పగలో రాత్రో ఇంకొకరితో పంచుకుంటే ఆయనకు తెలియదు. అంటే, తెలిసినా తెలియనట్టే ఉంటాడు. కానీ దొంగ పని అంటే మాత్రం ఒళ్ళు మంట. కిందటేడు ఒక విద్యార్థి చెప్పకుండా రెండో తాళంచెవి చేయించుకున్నాడని తెలిసి, గంట తిరక్కుండా పెట్టెతో సహా వీధిలో నిలబెట్టాడు.

పిచ్చుక ఇచ్చిన ఉత్తరాన్ని ఆయన చెయ్యి చాచినంత దూరంలో పట్టుకుని చదివాడు. కళ్ళజోడు ఇంట్లో మరిచిపోయి వచ్చాడట. సిస్టర్ ఎక్కడికి వెళ్తోందని అడిగాడు. వాళ్ళ ఊరికి అంది పిచ్చుక. ఉత్తరంలోని అబద్ధం కూడదీసుకోవడానికి ఆమెకు రెండు రోజులు పట్టింది. రెండోది అడిగిన వెంటనే నోట్లోంచి ఊడిపడింది. ఆయన తల ఊపాడు. రెండేళ్ళలో ఒక్కసారి కూడా మాట అనిపించుకోని మనిషని నర్సమ్మను మెచ్చుకుని, పగలంతా గబ్బిలంలా తలుపులు మూసుకుంటుందని ఒక వేళాకోళం కూడా ఆడాడు. తర్వాత ముద్ర సిరాలో అద్ది, ఇంటి కాగితం మీద బలంగా నొక్కాడు.

పిచ్చుక దాన్ని నోటుపుస్తకం మధ్య పెట్టుకుంది. ఆమె చదువుతున్నది నేల గురించి. ఏ మట్టి ఎంత నీటిని పట్టి ఉంచుతుంది, ఎందులో ఏ వేరు నిలుస్తుంది, అదీ ఆ చదువు. ఆ ముద్ర చూసుకోగానే నాలుగు నెలల్లో మొదటిసారి ఆమె పాదాలు నేలకు ఆనినట్టయింది.

"పేరు మారితే తాళం మారాలి," అన్నాడు తాళాలాయన, మళ్ళీ ఆకురాయి చేతికి తీసుకుంటూ. "సాయంత్రం ఐదింటికి కొత్త తాళం పట్టుకుని పైకొస్తా. రిజిస్టరూ తెస్తా. పాత పేరు కొట్టేసిన చోట సిస్టర్ సంతకం పెట్టాలి. ఉండమని చెప్పు."

పిచ్చుక సరే బాబాయ్ అంది. కొట్టు దాటి నాలుగడుగులు వేశాక గానీ ఆ మాట ఆమెకు ఎక్కలేదు. ఉత్తరంతో పని అయిపోతుందనుకుంది. నర్సమ్మ వచ్చి సంతకం పెట్టాలని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఆమె దుర్మార్గురాలు కాదు. తనకు తాను చెప్పుకున్నది ఇదీ: కాగితం మీద పేరు మారినంత మాత్రాన నర్సమ్మకు పోయేదేమిటి? పగలు ఆవిడ పగలే, రాత్రి నా రాత్రే. తాళం మారితే రెండో చెవి ఆవిడ చేతిలో పెడతాను. రెండు రోజులుగా ఈ మాటలనే ఇస్త్రీ చేసినట్టు చేసి మడత పెట్టుకుంటోంది. అయినా ఎక్కడో ఒక ముడత మిగిలిపోతూనే ఉంది. అంత మామూలు సంగతే అయితే అడగవచ్చుగా?

అడగకపోవడానికి కారణం ఒక నియమం. వచ్చిన మొదటి రోజే మంచినీళ్ళ చెంబు కింద నర్సమ్మ చీటీ పెట్టి ఉంది. "రాత్రి డ్యూటీ చేసి వస్తాను. పగలు నన్ను లేపొద్దు. పొద్దున ఆరు లోపల నువ్వు వెళ్ళిపో, సాయంత్రం ఆరు లోపల నేను వెళ్ళిపోతాను. తాళంచెవి గుమ్మం పైన." అప్పటినుంచి వాళ్ళ సంసారమంతా చీటీలే. కిటికీ గడియ ఊడింది, చూసి మూయి. పంపులో నీళ్ళు రావట్లేదు, బిందె నింపి పెట్టాను. ప్రతి చీటీ కింద ఆ చిన్న సంతకం. ఒకసారి మేకుకు వేలాడుతున్న నర్సు దుస్తుల జేబు చిరిగి ఉంటే పిచ్చుక తన దగ్గరున్న ఒక్క దారంతో, అది పచ్చది, కుట్టి పెట్టింది. మర్నాడు చెంబు కింద చీటీ: "తెల్ల బట్టకి పచ్చ దారం వేసే దర్జీని ఇప్పుడే చూడటం. బాగుంది, ఉండనీ."

లేపకూడదు. కానీ డ్యూటీ దిగేటప్పుడు ఆసుపత్రి గేటు దగ్గర పట్టుకోవచ్చు. ఎనిమిదికి దిగుతుంది. ఇప్పుడు ఏడున్నర. యూనివర్సిటీ ఆఫీసు కాగితాలు తీసుకునేది మధ్యాహ్నం రెండు నుంచి. దారిలో కాళ్ళావేళ్ళా పడి ఒప్పించుకోవచ్చు. పిచ్చుక నడక పెంచింది.

నాలుగో వార్డని ఒక చీటీలో చదివిన గుర్తు. రెండో అంతస్తులో ఆ వార్డు తలుపుకు గొలుసు వేసి ఉంది. అద్దంలోంచి చూస్తే లోపల మంచాలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. పక్క వార్డులో పెద్ద సిస్టర్ పొద్దుటి మందులు సర్దుతోంది. పిచ్చుక నర్సమ్మ ఎలా ఉంటుందో చెప్పలేక, పేరు చెప్పింది. పెద్ద సిస్టర్ చెయ్యి ఆపకుండానే జవాబిచ్చింది. నాలుగో వార్డు మూసేశారు. కాంట్రాక్టు మీద ఉన్న ఆరుగురినీ అప్పుడే పంపేశారు. ఎప్పుడంటే? ఆవిడ కాసేపు ఆలోచించింది. మీ యూనివర్సిటీ తెరిచారు చూడు, ఆ వారమే.

ఆ వారమే పిచ్చుక మంచం ఎక్కింది.

ఏదో పొరపాటు పడుతున్నారని చెప్పబోయింది. ఆవిడ రోజూ రాత్రి డ్యూటీకి వస్తుంది, నేను ఒకే గదిలో ఉంటాను, నాకు తెలియదా? చెప్పబోయి ఆగిపోయింది. ఆవిడకు రెండు జతలు; ఒకటి వేసుకుపోతే, ముందు రాత్రి కట్టి విప్పిన జత సాయంత్రాలు ఆ మేకుకు వేలాడుతూ ఉండేది, ఆ తెల్ల దుస్తులు కళ్ళ ముందు కదిలాయి. పిచ్చుక వాళ్ళమ్మ లాండ్రీలో ఇస్త్రీ చేస్తుంది. బట్టల మూటల మీద కూర్చుని పుస్తకంలో గింజలు ఏరుకుంటున్నట్టు ముక్కు పెట్టి చదివేదని అక్కడి ఆడవాళ్ళే ఆమెకు పిచ్చుక అని పేరు పెట్టారు. ముడత చూసి మనిషి ఏం పని చేస్తాడో చెప్పే ఇంట్లో పెరిగింది. రాత్రంతా వార్డులో తిరిగే మనిషి బట్ట మోకాళ్ళ దగ్గర, మోచేతుల దగ్గర నలుగుతుంది. నర్సమ్మ బట్ట వెనకవైపు, నడుము కింద, అడ్డంగా నలిగి ఉండేది. రాత్రంతా కూర్చున్న మనిషి ముడతలవి. నాలుగు నెలలు రోజూ చూసింది. ఒక్కనాడూ చదవలేదు.

ఎదురుగా నేల తుడుస్తున్న ఆయా ఈ మాటలన్నీ విన్నట్టుంది. బకెట్టు జరుపుకుంటూ దగ్గరకొచ్చి, ఆ సిస్టర్ కోసమైతే కింద బంధువుల హాల్లో చూడమ్మా అని గొంతు తగ్గించి చెప్పింది. మూడో వరస, తిరగని ఫ్యాను కింద. ఎవరికీ చెప్పకు.

బంధువుల హాలంటే రోగుల తాలూకు వాళ్ళు రాత్రుళ్ళు కాచుకుని ఉండే చోటు. ఇనుప బెంచీలు, మధ్యలో చేతులు పెట్టే కడ్డీలు, ఎవరూ పడుకోకుండా. పొద్దు ఎక్కింది కాబట్టి చాలామంది లేచి ముఖాలు కడుక్కోవడానికి పోయారు. మూడో వరస చివర ఒకావిడ తల గోడకు ఆనించి నిద్రపోతోంది. నలభై ఉంటాయి. పిచ్చుక ఊహించుకున్న మనిషి లావుగా, గట్టి గొంతుతో, ఎత్తుగా ఉండేది. ఈవిడ సన్నగా, చిన్నగా ఉంది. ఒళ్ళో ఎవరిదో ఎక్స్‌రే కవరు. మెడలో హాలు వాళ్ళు ఇచ్చే పాసు. దాని మీద రాసి ఉంది: రోగి, పన్నెండో మంచం. బంధుత్వం, చెల్లెలు.

ఎడమ జేబు మీద పచ్చ దారం.

లేపకూడదన్నది నియమం. పిచ్చుక పక్క బెంచీ అంచున కూర్చుంది, ముళ్ళ మీద కూర్చున్నట్టు. ఎంతసేపు కూర్చుందో తెలియదు. చివరికి తుడిచేవాళ్ళ నీళ్ళు కాళ్ళ కిందికి వచ్చి నర్సమ్మ తనంతట తానే కళ్ళు తెరిచింది. తెరవగానే చెయ్యి మెడలోని పాసు మీదికి పోయింది, ఉందో లేదో చూసుకోవడానికి. తర్వాత ఎదురుగా ఉన్న పిల్లను చూసింది. ఆ పిల్ల చూపు ఎక్కడుందో చూసింది. తన జేబు చూసుకుంది.

"దర్జీవా?" అంది.

పిచ్చుక తల ఊపింది.

నర్సమ్మ ఏమీ దాచలేదు, ఏమీ సాగదీయలేదు. లేచి బట్ట దులుపుకుని, ఇంటికి పోదాం పద, ఇక్కడ తుడిచేదాకా కూర్చోనివ్వరు అంది. దారి పొడవునా తనే మాట్లాడింది. బంధువుల హాల్లో కూర్చోవాలంటే రోగి ఉండాలి. ఎవరూ లేని రోగులు ఏ ఆసుపత్రిలోనైనా ఉంటారు. వాళ్ళకు మందులు తెచ్చిపెట్టి, పక్క మార్చి, డాక్టరు చెప్పింది అర్థమయ్యేలా చెప్పే మనిషి కావాలి. ఆయా ఆ మంచం నంబరు చెబుతుంది, ఆవిడ బంధువవుతుంది. పాసు ఇస్తారు. రోగికి నయమై ఇంటికి పోతే, లేదా ఇంకో రకంగా పోతే, మళ్ళీ ఇంకొకరిని వెతుక్కోవాలి.

"నాలుగు నెలల్లో నాకు ముగ్గురు అన్నలు, ఒక పిన్ని, ఒక మామగారు," అంది. "అన్నలు మంచివాళ్ళు. మామగారే నన్ను కాల్చుకు తిన్నాడు. కోడలి పాట్లు ఎలా ఉంటాయో పెళ్ళి కాకుండానే తెలిసింది."

నవ్వించడానికే అన్నట్టుంది. పిచ్చుకకు నవ్వు రాలేదు. మేడ దగ్గరపడేకొద్దీ సంచిని ఇంకా గట్టిగా ఒంటికి అదుముకుంది. కొట్టు ముందు నుంచి ఇద్దరూ మెట్లెక్కుతుంటే తాళాలాయన తలెత్తి చూశాడు. మళ్ళీ ఆకురాయి పనిలో పడ్డాడు.

ఆ గది ముక్కలోకి ఇద్దరు మనుషులు ఒకేసారి రావడం అదే మొదలు. మంచం, గోడకు మేకు, కిటికీ, బిందె. నిలబడటానికి మంచానికీ పలకకూ మధ్య ఒక మూర జాగా. ఒకరు తలుపు మూయాలంటే ఒకరు మంచం ఎక్కాలి. ఇద్దరూ అలవాటు కొద్దీ ఒకే మేకుకు సంచి తగిలించబోయి ఆగారు. నర్సమ్మ కిటికీ వైపు సగంలో కూర్చుని, రెండో సగం చేత్తో తట్టింది.

"కూర్చో. ఇది పగలు కాబట్టి నువ్వు నా ఇంటికి వచ్చిన చుట్టానివి."

పిచ్చుక కూర్చోలేదు. దారంతా మోసుకొచ్చిన ప్రశ్న అప్పుడు అడిగింది. మంచం మీదేగా, నన్ను పొమ్మని రాత్రులు మీరు ఇక్కడే పడుకోవచ్చుగా, ఎందుకు పొమ్మనలేదు?

నర్సమ్మ ఆమె వంక కొంత వింతగా చూసింది. నీ మీద జాలి అనుకుంటున్నావేమో, కాదు అంది. ఉద్యోగం పోయాక ఒక్కదాన్నే అద్దె కట్టి ఈ మంచం నిలబెట్టుకోలేనని నాకు తెలుసు. సగానికి మనిషి ఉంటేనే నిలుస్తుంది. రాత్రి సగానికి ఎవరైనా వస్తారు. పగటి సగానికి ఎవరొస్తారు, రాత్రి డ్యూటీ వాళ్ళు తప్ప? అందుకని అమ్ముడుపోయేది నీకిచ్చి, మిగిలింది నేను ఉంచుకున్నాను. ఇంట్లో వాళ్ళకి ఇంకా డ్యూటీలో ఉన్నాననే చెబుతున్నాను. రోజూ ఈ బట్టలేసుకుని పోయేది అందుకే. ఎవరైనా చూస్తే అడగరు. ముఖ్యంగా కింద ఆయన అడగడు.

చెప్పి, లేచి, దిండు గలీబులో చెయ్యి పెట్టింది. లోపలినుంచి నాలుగు మడతల కవరు ఒకటి తీసింది. నాలుగు నెలలూ పిచ్చుక తల పెట్టి పడుకున్న దిండది. ఆ కవరు అందులో ఎన్నాళ్ళుగా ఉందో ఆమెకు తెలియదు.

ఊరి అవతల ఇంకో ఆసుపత్రి కట్టారు. అందులో పర్మనెంటు పోస్టు. పరీక్ష అయింది, ఇంటర్వ్యూ అయింది, తీసుకున్నామని రాశారు. ఇక మిగిలింది ఒక్కటే. ఇచ్చిన అడ్రసులో మనిషి నిజంగా ఉంటోందో లేదో చూడటానికి సోమవారం వాళ్ళ మనిషి వస్తాడు. ఇంటి యజమాని రిజిస్టరు చూస్తాడు. పేరు కనిపిస్తే ఉద్యోగం. అక్కడే ఉండటానికి గది కూడా ఇస్తారు.

"వచ్చే నెల నుంచి రాత్రీ నీదే, పగలూ నీదే," అంది నర్సమ్మ. నలిగిన జుట్టు ముడి విప్పుకుంటూ చాలా మామూలుగా అంది. "తాళాలాయనకి నేనే చెప్పి పేరు నీది రాయిస్తాను. నెల ఆగు."

పలక అవతలి మంచం అమ్మాయి ఎవరో చిన్నగా పాట పాడుకుంటూ తల దువ్వుకుంటోంది. ఆ పాట ఆగేవరకు పిచ్చుక నిలబడే ఉంది. తర్వాత చెప్పేసింది. యూనివర్సిటీ కాగితం సంగతి, నాలుగు గంటల సంగతి, ఉత్తరం సంగతి, పొద్దున పడిన ముద్ర సంగతి, ఐదింటికి వచ్చే కొత్త తాళం సంగతి. ఏదీ తగ్గించలేదు. ఏదీ నమలలేదు. లాండ్రీలో బట్ట కాలిస్తే యజమాని ముందు పెట్టి నిలబడమని వాళ్ళమ్మ నేర్పింది. అలా నిలబడింది.

నర్సమ్మ కవరును మడతల వెంటే మళ్ళీ మడిచింది.

"అడగలేకపోయావా?"

"లేపొద్దన్నారు."

"చీటీ రాయొచ్చుగా. చెంబు కింద పెట్టొచ్చుగా. అన్నీ చీటీలే రాసుకున్నాం కదా."

"కాదంటారేమోనని."

నర్సమ్మ తల ఊపింది, ఆ జవాబు ఒక్కటే సరిగ్గా ఉన్నట్టు. అనేదాన్నే అంది. సోమవారం దాకా కాదనేదాన్ని. ఆ తర్వాత ఏదో ఒకటి చూసేదాన్ని. నీ సీటు ఆగేదో లేదో నాకు తెలియదు. కానీ చూసేదాన్ని.

"నాలుగు నెలలు," అంది తర్వాత, గొంతు ఏమాత్రం పెంచకుండా. "ఆ కడ్డీల మధ్య కూర్చుని కాపాడుకున్నది ఒక్క పేరమ్మాయ్. నడుము పట్టేస్తే లేచి నడిచేదాన్ని. ఇంకొన్నాళ్ళు, పేరు ఉంది కదా అనుకునేదాన్ని. నువ్వు దాన్ని చెంబు కింది చీటీలు చూసి నేర్చుకుని, తుడిచిపెట్టావు."

పిచ్చుక సంచిలోంచి నోటుపుస్తకం తీసి, ముద్ర పడిన కాగితాన్ని రెండు చేతులా పట్టుకుంది, చింపడానికి. నర్సమ్మ ఆపింది. చింపితే నీ సీటు పోతుంది, నా పేరు తిరిగి రాదు అంది. ఉత్తరం ఆయన దగ్గరే ఉంది. అది నాది కాదని చెప్పామా, దొంగ సంతకం పెట్టినందుకు నిన్ను పంపిస్తాడు. నాది అని చెప్పామా, నేను పోతాను. మంచానికి ఒకటే పేరు కదా.

నోటుపుస్తకం వెనక పేజీ తెరుచుకుని ఉంది. అందులో పై నుంచి కింది దాకా నర్సమ్మ సంతకాలు. మొదటివి వణుకుతూ, చివరివి నిలకడగా. నర్సమ్మ పుస్తకం ఒళ్ళోకి లాక్కుని, కాపీ రాత దిద్దే పంతులమ్మలా ఒక్కొక్కటే చూసింది.

"బాగా చదువుతావనుకుంటా," అంది. ఆ మాటలో ఎత్తిపొడుపు ఎంతో మెచ్చుకోలు ఎంతో పిచ్చుకకు తెలియలేదు. "కానీ గీత ఏది?"

"ఏ గీత?"

డ్యూటీ పుస్తకంలో సంతకం పెడితే కింద గీత గీయాలి, లేకపోతే పెద్ద సిస్టర్ ఒప్పుకోదు అని చెప్పింది నర్సమ్మ. పదిహేనేళ్ళ అలవాటు. ఎక్కడ ముఖ్యమైన సంతకం పెట్టినా కింద గీత పడుతుంది. తాళాలాయన రిజిస్టరులో కూడా ఉంటుంది. నీళ్ళ బిందె నింపానని రాసే చీటీ కింద గీత ఎవరు గీస్తారు? నీకు నేను చీటీల్లోనే తెలుసు. అందుకని తప్పు చేశావు.

అప్పుడే మెట్ల మీద తాళాల గుత్తి చప్పుడైంది. పిచ్చుక పుస్తకాన్నీ ముద్ర కాగితాన్నీ సంచిలోకి తోసేసింది.

ఐదు కాలేదు. పదిన్నర కూడా కాలేదు. ఇద్దరూ కలిసి ఎక్కుతుంటే చూశాను, సాయంత్రం మళ్ళీ మెట్లెక్కే బదులు పని ఇప్పుడే ముగించుకుందామని వచ్చాను అంటూ తాళాలాయన గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి రావడానికి చోటు లేదు. ఒక చేతిలో కొత్త తాళం, చంకలో అట్ట చిరిగిన పెద్ద రిజిస్టరు, పొద్దుటి ఉత్తరం అందులో మధ్యన పెట్టి ఉంది. ముక్కు మీద, ఈసారి, కళ్ళజోడు.

"ఊరెళ్తున్నారట, సిస్టర్. నాతో ఒక్క మాట చెప్పలేదు."

నర్సమ్మ పిచ్చుక వంక చూడలేదు. అనుకోకుండా కుదిరిందండి అంది.

ఆయన మంచం చివర రిజిస్టరు పరిచి, పేజీ వెతికి, వేలు పెట్టాడు. రెండేళ్ళ కిందటి సంతకం అక్కడుంది. దాని కింద గీత ఉంది, నిలువెత్తు మనిషి కింద నీడలా తిన్నగా. నర్సమ్మ పేరును ఆయన అప్పటికే పెన్సిలుతో కొట్టేశాడు. దాని మీద సిరా పడాలి, పక్కన ఆవిడ సంతకం పడాలి, అంతే అన్నాడు. ఉత్తరం విప్పి పక్కన పెట్టుకున్నాడు. సంతకాలు సరిచూసుకోవడం నాకు అలవాటు, ఏమీ అనుకోకండి, తాళాలు చేసేవాడిని, తాళంచెవి పళ్ళు రెండు కలవకపోతే నిద్రపట్టదు అని నవ్వాడు.

పెన్ను నర్సమ్మ చేతికి వచ్చింది.

ఇక జరగగలిగేవి రెండే. గీత గీస్తే అది రిజిస్టరులోని సంతకంతో కలుస్తుంది, ఉత్తరం దొంగదవుతుంది, నర్సమ్మ పేరు నిలిచి పిచ్చుక వీధిన పడుతుంది. గీయకపోతే ఉత్తరంతో కలుస్తుంది, నర్సమ్మ పేరు పోతుంది. పాత దానికి తేడా ఎందుకొచ్చిందంటే రెండేళ్ళలో మారిందని చెప్పవచ్చు. మనిషి తన ముందే సంతకం పెట్టాక ఆయన ఇంకేం అడుగుతాడు? పిచ్చుక సంచిలో ముద్ర కాగితం ఉంది. నాలుగింటికి ఇంకా చాలా టైము ఉంది. తను ఏమీ చేయనక్కర్లేదు. నోరు మూసుకుని నిలబడితే చాలు.

నర్సమ్మ మొదటి అక్షరం రాసింది. అక్షరానికీ అక్షరానికీ మధ్య తొందర లేదు, తడబాటు లేదు. చివరి మలుపు తిరిగి పెన్ను కిందికి వచ్చింది, అలవాటు కొద్దీ, ఎడమ అంచుకు. అక్కడ ఆగింది. పదిహేనేళ్ళు తనంతట తానే కదిలిన చెయ్యి ఆ అంచున ఆగిపోయి ఉండటం పిచ్చుక చూసింది. ఆ వేళ్ళు తెల్లబడటం చూసింది. ఆవిడ దాన్ని బలవంతాన పట్టి ఆపుతోంది.

తర్వాత పెన్ను కాగితం మీదినుంచి లేవసాగింది. గీత లేకుండానే.

పిచ్చుకకు బెంచీల మధ్య కడ్డీలు కనిపించాయి. మెడలో పాసు, దాని మీద ఎవరో రోగికి చెల్లెలని రాసిన అక్షరాలు కనిపించాయి. ఆపాలనుకోలేదు. ఆలోచించనూ లేదు. మాట ముందు వచ్చింది, భయం తర్వాత వచ్చింది.

"అక్కా," అంది. "గీత గీయండి."

పలక అవతలి దువ్వెన చప్పుడు ఆగింది. తాళాలాయన రిజిస్టరు మీదినుంచి మెల్లగా తలెత్తాడు. కళ్ళజోడు ముక్కు మీద సర్దుకుని, ముందు నర్సమ్మను చూశాడు. తర్వాత ఉత్తరం చూశాడు. తర్వాత పిచ్చుక వైపు తిరిగాడు.

"ఏ గీతమ్మా?" అన్నాడు.